శనివారం కత్తెరలు

1వ తేదీ, మంగళవారం

చేతి వణుకుకి డాక్టరు మాత్రలిచ్చి, రోజూ కాస్త రాస్తూ ఉండమన్నాడు. ఏం రాయను అంటే, "నీ ఇష్టం పెద్దాయనా, గీత వంకర పోకుండా చూసుకో, అంతే" అన్నాడు. అయిదో తరగతి మానేశాక నేను రాసిందల్లా కొట్టు మీద బోర్డు ఒక్కటే. కత్తెరలు, కత్తులు సాన పట్టబడును.

వణుకు సంగతి ఇంట్లో తెలియదు. వీధిలోనూ ఎవరికీ తెలియదు. ఈ పుస్తకం కొట్టులోనే, సానరాయి కింద సొరుగులో ఉంటుంది.

నిన్న రెండు కత్తెరలు. ఈ రోజు రెండు.

2వ తేదీ, బుధవారం

మూడు.

పెద్దవాడు పెట్టిన షరతు రాసి ఉంచుతాను. భోజనాల దగ్గర అన్నాడు. "వారానికి పదిహేను కత్తెరలు కూడా రాని కొట్టు ఎందుకు నాన్నా? ఈ నెలంతా చూద్దాం. ఏ వారం పదిహేనుకి తగ్గినా తాళం వేసేసి ఇంటికొచ్చెయ్. నీకు ఇంట్లో ఏం తక్కువ?"

సరే అన్నాను. సరే అనడం తేలిక. కాదనాలంటే నాలుగు మాటలు కావాలి.

ఇంట్లో నాకేం తక్కువ లేదు. అదే భయం.

3వ తేదీ, గురువారం

రెండు.

ఎదురు కొట్టులో రోజంతా జనం. తాళాలవాడు నవ్వుతూనే ఉన్నాడు. వాడికి ఇప్పుడు తాళాల పని లేదు, అయినా వీధిలో ఆ పేరే ఉండిపోయింది. పదిహేనేళ్ళ కింద మారు తాళంచెవులు చేసే పెట్టె పట్టుకుని నా కొట్టు ముందు కూర్చునేవాడు. పని లేక ఈగలు తోలుకుంటుంటే లోపలికి పిలిచి సాన పట్టడం నేర్పాను. రాయి మీద ఎంత వాలుగా పెట్టాలో, ఎంత నూనె వెయ్యాలో, అన్నీ నేనే నేర్పాను. తరవాత ఎదురుగా కొట్టు ఖాళీ అయితే వెళ్ళి అడగమన్నది కూడా నేనే.

ఇప్పుడు వాడికి కరెంటు సానలు రెండు. బోర్డుకి దీపాలు.

నేనే నేర్పాను.

5వ తేదీ, శనివారం

నిన్న రెండు. నిన్నటికి మొత్తం పదకొండు.

మధ్యాహ్నం వాడు వచ్చాడు, ఎప్పటిలాగే గుడ్డలో చుట్టిన నాలుగు కత్తెరలతో. ప్రతి శనివారం నాలుగు తెస్తాడు.

"బాబాయ్, ఇవి నాకు లొంగలేదు. మొదట్లో తెగుతుంది, కొసకొచ్చేసరికి బట్టని నమిలేస్తోంది. నీ చెయ్యి పడాల్సిందే."

"అక్కడ పెట్టు."

"రెండు మాటలు మాట్లాడావు! ఇవాళ వాన ఖాయం."

నవ్వుకుంటూ వెళ్ళాడు.

వాటికి ఏం కావాలో నాకు తెలుసు. కత్తెర మూసి వెలుతురుకి పెట్టి చూస్తే రెండు బ్లేడ్ల మధ్య సన్నటి వెలుగు గీత కనబడాలి. వాటిని కలిపే రివెట్టు దగ్గర మొదలై కొస దాకా. అంటే బ్లేడులో వెంట్రుక వాసి వంపు ఉందన్న మాట. ఆ వంపు పోతే ఎంత పదును పెట్టినా లాభం లేదు, కొస దగ్గర నములుతుంది. బ్లేడుని చెక్కదిమ్మ మీద పెట్టి లోపలి వైపు నుంచి సుత్తితో ఒక్కటి వెయ్యాలి. ఎక్కడ, ఎంత అన్నదే విద్య. అది వాడికి నేర్పలేదు.

నాకూ ఎవరూ నేర్పలేదు. మా గురువు సుత్తి తీసినప్పుడల్లా నన్ను నీళ్ళకి పంపేవాడు. దొంగచాటుగా చూసి నేర్చుకున్నాను. అందుకే నేను వీధి వైపు వీపు పెట్టి కొడతాను. వచ్చేవాళ్ళు కనబడాలి కాబట్టి కొట్టు వెనక గోడకి, నాకు ఎదురుగా, పెద్ద అద్దం పెట్టుకున్నాను. పదిహేనేళ్ళుగా ఇదే పద్ధతి.

నాలుగింటికీ సానరాయి అక్కర్లేకపోయింది. వాడు పదును బాగానే పెట్టాడు. సుత్తి ఒక్కటే. సుత్తి పట్టుకుంటే నా చెయ్యి వణకదు, బరువుకి ఆగుతుంది. రాయి దగ్గరే వణుకుతుంది.

నాలుగింటి మీదా బయటి వైపు సుత్తి దెబ్బ ఉంది, కొత్తది. అక్కడ కొడితే వంపు వచ్చేది పోయి, ఉన్నది పోతుంది. అంత మొరటువాడు. పదిహేనేళ్ళయినా.

మొత్తం పదిహేను. సరిగ్గా.

8వ తేదీ, మంగళవారం

నిన్న ఒకటి. ఈ రోజు రెండు.

ఇంటావిడ భోజనం క్యారియరు తెచ్చింది. రోజూ లాగే అడిగింది, "ఎన్నొచ్చాయి?"

చెప్పాను.

"నోరు తెరిచి నలుగురినీ పిలవాలి. ఆ అబ్బాయిని చూడండి, పిలిచి మరీ మాట్లాడతాడు. మీరు కొట్టు తెరిచి, నోటికి తాళం వేసుకుని కూర్చుంటారు."

"తాళాలు వాడి పని."

నవ్వింది. ఈ మధ్య అది నవ్వేలా నేను అన్న మాట ఇదొక్కటే. ఖాళీ క్యారియరు పట్టుకుని ఎదురు కొట్టు మెట్లెక్కింది. రోజూ వెళ్తుంది. వాడు దాన్ని పిన్నీ పిన్నీ అంటాడు. ఏం మాట్లాడుకుంటారో.

9వ తేదీ, బుధవారం

మూడు.

ఈ రోజు కొంచెం ఎక్కువ రాయాలి.

కుట్టు కార్ఖానా నుంచి కటింగు మేస్త్రి వచ్చాడు. మెడలో టేపు, చెవి మీద సుద్ద. వాళ్ళ కార్ఖానాలో నూట ఇరవై కత్తెరలట, ఆరునెలలకోసారి అన్నీ సానకి రావాలట. ముందు తాళాలవాడి కొట్టుకే వెళ్ళాడు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. కాసేపటికి ఇద్దరూ వీధి దాటి వచ్చారు.

"సార్, ఈయన మా గురువు. నాకీ పని నేర్పిన చెయ్యి. సగం ఈయన చేస్తానంటేనే సగం నేను చేస్తాను" అన్నాడు వాడు.

మేస్త్రి నన్నూ కొట్టునీ ఎగాదిగా చూశాడు. "పెద్దాయనా, మా బట్ట పల్చన. దోమతెరలా ఉంటుంది. కొసలో ఒక్క పోగు లాగినా బట్ట చెడుతుంది. చేస్తారా?"

తలూపాను.

"మీ పక్క వీధిలో ఒకడున్నాడు, నేనే అంతా చేస్తాను అన్నాడు. నేనొప్పుకోలేదు. ఒక్కడి మీద పెట్టుకుంటే వాడికి జ్వరమొచ్చిన రోజు మా కార్ఖానాకీ జ్వరమే. ఇక్కడైతే రెండు కొట్లు. గుండీలు ఇక్కడే, దారం ఇక్కడే. ఒక్కసారి బండి తెస్తే అన్నీ అయిపోతాయి."

గుండీల ఆవిడకి తన కొట్టులో సగం అరుగు ఇచ్చింది తాళాలవాడే. దారం కొట్టు వాడికి వీధిలో చోటు చూపించిందీ వీడే. వీధి చివర చాకుల వాడి సాన పాడైతే, తనకి ఒక్కటే ఉన్న రోజుల్లో కూడా అది ఇచ్చి రెండు రోజులు చేతులు కట్టుకు కూర్చున్నాడు. పొగడ్తంటే ప్రాణం. ఎవరికి ఏం చేసినా ఆ మనిషి రేపు వీడి గుమ్మం ముందుకి మరో నలుగురిని తెస్తాడు, అదీ సంగతి. ఊరికే చేస్తాడా.

నాకు సగం ఎందుకిచ్చాడో నాకు తెలియదా? దోమతెర బట్ట అనగానే వాడి గుండె జారింది. వంపు లేనిదే ఆ బట్ట తెగదు. నేను లేనిదే వాడి వల్ల కాదు.

నా అరవై నేను చేస్తాను. వాడి అరవై వాడు చెయ్యనీ. అవి తిరిగొస్తాయి. అప్పుడు మేస్త్రి నూట ఇరవయ్యీ ఎవరి దగ్గరికి తెస్తాడో చూద్దాం.

ఇది తప్పు కాదు. అడిగితే చెబుదును. అడగలేదు.

10వ తేదీ, గురువారం

ఎవరూ రాలేదు.

12వ తేదీ, శనివారం

నిన్న రెండు. మొత్తం ఎనిమిది. ఇక అయిపోయిందనుకున్నాను. వాడివి నాలుగు కలిపినా పన్నెండే.

వాడు ఏడు తెచ్చాడు.

"ఈ వారం నా చెయ్యేం బాగాలేదు బాబాయ్. ఏడు పాడుచేశాను."

వాడి పనితనం రోజురోజుకీ దిగజారుతోంది. అంత పెద్ద బోర్డు పెట్టుకుని. ఏడింటికీ బయటి వైపు దెబ్బ, ఒక్కచోటే, గీత గీసినట్టు.

పదిహేను. సాయంత్రం పెద్దవాడు అడిగితే గట్టిగానే చెప్పాను.

14వ తేదీ, సోమవారం

కార్ఖానా కత్తెరలు వచ్చాయి. అరవై నాకు, అరవై వాడికి. శనివారానికల్లా ఇవ్వాలి. ఈ వారం పెద్దవాడి షరతు గురించి బెంగ లేదు.

నా దగ్గరికి వచ్చిన ప్రతి కత్తెరకీ రివెట్టు పక్కన చిన్న చుక్క కొడతాను. గురువు అలవాటు అది. అరవై చుక్కలు కొట్టేసరికి మధ్యాహ్నం అయింది. చుక్కలు బాగానే వచ్చాయి. సుత్తి కదా.

16వ తేదీ, బుధవారం

రాయి దగ్గర చెయ్యి నిలవడం లేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెట్టాను. బొటనవేలు తెగింది. గుడ్డ కట్టుకున్నాను.

"ఏమైంది?" అంది ఇంటావిడ.

"తలుపు సందులో పడింది."

"ఏ తలుపు? మీ కొట్టుకి షట్టరు కదా."

గుడ్డ ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

18వ తేదీ, శుక్రవారం

నలభై ఏడయ్యాయి. రాత వంకర పోతోంది. ఇక్కడితో చాలు.

19వ తేదీ, శనివారం

అరవై ఇచ్చేశాను. అన్నిటికీ వంపు చూశాను, వెలుగు గీత అన్నిటిలోనూ ఉంది. పదును కూడా బాగానే ఉందనుకుంటాను. చివర కొన్ని బట్ట మీద పరీక్షించలేదు. చూడక్కర్లేదు, నలభై అయిదేళ్ళ చెయ్యి.

వాడూ ఇచ్చేశాడు. పాపం.

21వ తేదీ, సోమవారం

ఒకటి.

మేస్త్రి సంచీ పట్టుకుని వచ్చాడు. నేను వీధి వైపు వీపు పెట్టి ఉన్నాను. అద్దంలో సంచీ కనబడగానే గుండె కొట్టుకుంది. సంతోషంతోనే. దాచను, ఇక్కడ ఎవరికి దాచాలి.

వీధి మధ్యలోనే అరుపులు మొదలు. "ఇరవై రెండు! ఇరవై రెండు కత్తెరలు బట్ట పాడుచేశాయి. ఇందుకేనా మీ వీధిని నమ్ముకుంది?"

నేను బయటికొచ్చి మెట్టు మీద నిలబడ్డాను. తాళాలవాడు పరుగున వచ్చి సంచీలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ సంచీలో వేశాడు.

"నావే సార్. తొందరలో చేశాను, తప్పయిపోయింది. రేపు మధ్యాహ్నానికి అన్నీ చేసి నేనే తెచ్చిస్తాను."

నాకు లోపల చల్లగా ఉంది. అదే కదా నేను అనుకున్నది.

మేస్త్రి ఊరుకోలేదు. సంచీలోంచి ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టాడు. "మీరు గురువుగారట కదా, మీరైనా చూడండి. కొసలో ఎలా నమిలిందో."

చూశాను. రివెట్టు పక్కన చుక్క ఉంది. తెరిచిన సంచీలో కనబడ్డవాటన్నిటికీ ఉంది.

అంచు అలలుగా ఉంది. రాయి మీద చెయ్యి వణికినప్పుడు వచ్చే అల. వంపు బాగానే ఉంది, పదునే నాశనం.

నావి అనొచ్చు. రెండే మాటలు, ఇవి నావి. మేస్త్రి చూస్తున్నాడు. గుండీల ఆవిడ చూస్తోంది. దారం కొట్టువాడు తల బయటికి పెట్టాడు.

తాళాలవాడు నా చేతిలోంచి మెల్లిగా తీసుకున్నాడు. "మా బాబాయికి ఇవన్నీ ఎందుకు సార్, నేను చెడగొట్టినవి నేను చేస్తాను." అంతదాకా నా చేతిలో కత్తెర గలగలలాడుతూనే ఉంది. అది ఆగింది వాడు తీసుకున్నాకే.

మేస్త్రి వాడిని నానా మాటలూ అన్నాడు. కొట్టుకి దీపాలు పెట్టగానే సరి కాదన్నాడు. వాడు తల వంచుకుని విన్నాడు.

నేను లోపలికి వచ్చేశాను.

22వ తేదీ, మంగళవారం

రెండు.

వాడు పొద్దున్నే సాన పెట్టుకుని ఇరవై రెండూ చేశాడు. చేసి పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చి నన్ను చూసి చెయ్యి ఊపాడు, ఏం జరగనట్టు.

వాడి అరవైలో ఒక్కటీ తిరిగి రాలేదు. కార్ఖానా బట్ట మందం కాబోలు. మందం బట్టకి వంపు లేకపోయినా తెగుతుంది.

మందం బట్టే.

23వ తేదీ, బుధవారం

ఎవరూ రాలేదు. కూర్చుని వెనక్కి చదివాను.

బట్ట మందం కాదు. దోమతెరలా ఉంటుందని మేస్త్రి మొదటి రోజే అన్నాడు. నేనే రాసుకున్నాను, తొమ్మిదో తేదీన.

24వ తేదీ, గురువారం

ఒకటి.

నిన్నంతా ఆలోచించి, ఒక పని చేసేద్దామనుకున్నాను. చుక్క సంగతి నోటితో చెప్పలేను. చెప్పలేనని నాకు తెలుసు. దానికి బదులు వంపు విద్య చెప్పేస్తే సరి. అంతకంటే పెద్దది నా దగ్గర ఏముంది? వాడి అరవై ఎలా తెగాయో తెలియదు, ఏదో అదృష్టం. విద్య తెలిస్తే ఇక అదృష్టంతో పని ఉండదు.

సుత్తి, దిమ్మ గుడ్డలో చుట్టుకుని వీధి దాటాను. వాడి కొట్టుకి మూడు మెట్లు. పదిహేనేళ్ళలో ఆ మెట్లు నేను ఎక్కలేదు. ఎప్పుడూ వాడే దిగి వచ్చేవాడు.

వాడు లేచి నిలబడిపోయాడు. "బాబాయ్! నువ్వా? ఇక్కడికా? గుండీలక్కా, కుర్చీ, కుర్చీ!"

"నువ్వు కూర్చున్న పీట చాలు."

కూర్చోబెట్టాడు. సుత్తి విప్పాను. వాడు ఎదురుచూశాడు.

"నీకొకటి చెప్పలేదు నేను" అన్నాను. "అప్పుడు చెప్పాల్సింది."

"ఏంటి బాబాయ్?"

ఎక్కడ మొదలుపెట్టాలా అని తలెత్తి వీధి వైపు చూశాను. నా కొట్టు తెరిచే ఉంది. మెట్ల మీద నుంచి చూస్తే లోపల కిందికి కనబడుతుంది. వెనక గోడ. గోడకి నా అద్దం.

అద్దంలో నా బల్ల ఉంది. సానరాయి ఉంది. దిమ్మ తీసుకొచ్చేశాను కదా, అది ఉండే చోట చెక్క పొడి గుండ్రంగా మిగిలింది. ఆ గుండ్రం కూడా కనబడుతోంది. మా ఇంటావిడ రోజూ తుడుస్తుంది ఆ అద్దాన్ని.

ఈ పీట మీద కూర్చుని పదిహేనేళ్ళు.

"ఏంటో చెప్పు బాబాయ్" అన్నాడు వాడు. వాడు అటు చూడలేదు. నేను చూస్తున్నానని తెలిసి చూడలేదు.

చెప్పాను. వెలుగు గీత చూపించాను. దిమ్మ మీద బ్లేడు పెట్టి, ఇక్కడ, లోపలి వైపు, ఒక్కటే దెబ్బ, అన్నాను.

"అదా సంగతి! ఇన్నాళ్ళూ నేను బయటి వైపు బాదుతున్నాను చూడు. ఉండు, నన్ను ఒక్కటి కొట్టనీ."

నా సుత్తి తీసుకున్నాడు. ఎక్కడ కొట్టాలో నేను మళ్ళీ చూపించబోయేలోపే వాడి బొటనవేలు ఆ చోటికి వెళ్ళి ఆగింది. వెతుక్కోలేదు. మా గురువు వేలు అలాగే ఆగేది.

వాడూ గమనించాడు. వేలు తీసేసి, కావాలని పక్కకి జరిపి, తప్పు దెబ్బ వేశాడు.

"రాలేదు" అన్నాడు.

"వస్తుంది" అన్నాను. "మెల్లిగా వస్తుంది."

"నాకు సరిగ్గా వచ్చేదాకా ఆ శనివారం కత్తెరల సంగతి నువ్వే చూడాలి మరి."

సుత్తి చుట్టుకుని మెట్లు దిగాను. వీధి దాటేదాకా ఒకటే ఆలోచన. ఏ శనివారం నుంచి? మొదట్లో వాడికి నిజంగానే రాలేదు, తరవాత వచ్చింది. ఏ శనివారం వాడు మంచి కత్తెరని బయటి వైపు నుంచి కొట్టి చెడగొట్టి గుడ్డలో చుట్టాడు? నా చెయ్యి రాయి దగ్గర ఆగడం లేదని అద్దంలో చూసిన రోజా? ఆ వారమే కదా, సుత్తి మాత్రమే కావలసినవి రావడం మొదలైంది.

ఇంటావిడ క్యారియరుతో నా కొట్టులో నిలబడి ఉంది.

"వెళ్ళొచ్చారా?"

"వెళ్ళాను."

"ఏమన్నాడు?"

"నేర్చుకున్నాడు."

అది ఇంకేం అడగలేదు. ఎన్నొచ్చాయి అని కూడా అడగలేదు. నేనే అన్నాను, "పదిహేను కావాలని వాడికి చెప్పింది నువ్వేనా?"

అది క్యారియరు గిన్నెలు విప్పుతూ కూర్చుంది. "అన్నం చల్లారిపోతుంది, తినండి" అంది.

25వ తేదీ, శుక్రవారం

ఒకటి. మొత్తం అయిదు.

మంచితనమా, వ్యాపారమా? రెండు కొట్లున్నాయి కాబట్టే కార్ఖానా వచ్చింది. నా కొట్టు మూతపడితే వాడికి నష్టం. ఆ లెక్కన వాడు నన్ను పోషించింది తన కోసమే. ఇలా అనుకుంటే కాస్త హాయిగా ఉంది.

ఎక్కువసేపు నిలవలేదు. మేస్త్రి తిడుతుంటే వాడు తల వంచుకున్నది ఏ వ్యాపారం?

నేను వాడికి నేర్పింది సగం. ఆ సగంతోనే పదిహేనేళ్ళు గర్వపడ్డాను. మిగతా సగం నా అద్దంలోంచే తీసుకుని, నాకే తిరిగి పెడుతున్నాడు, శనివారం శనివారం, గుడ్డలో చుట్టి.

26వ తేదీ, శనివారం

పొద్దున మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాను. రాకూడదని కూడా అనుకున్నాను. రాకపోతే తాళం వేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

వచ్చాడు. గుడ్డ మూట ఈసారి పెద్దది.

"నువ్వు చెప్పినట్టే కొట్టాను బాబాయ్. ఒక్కటీ కుదరలేదు. పది చెడిపోయాయి."

"పదా?"

"పదే. లెక్కపెట్టుకో."

లెక్కపెట్టలేదు. "కార్ఖానాలో పాడైన ఆ ఇరవై రెండూ నావి" అన్నాను. చాలా చిన్నగా అన్నాను. వాడు అప్పటికే వీధిలోకి దిగాడు. విన్నాడో లేదో తెలియదు. వెనక్కి తిరగలేదు.

పది కత్తెరలూ బయటి వైపు నుంచి ఒక్కచోటే కొట్టి ఉన్నాయి. శుభ్రమైన దెబ్బ, నా కంటే శుభ్రంగా. లోపలి వైపు నుంచి పదింటికీ వంపు తెచ్చాను. ఎప్పటిలాగే వీధి వైపు వీపు పెట్టి కొట్టాను. అద్దంలో వాడు కనబడ్డాడు, తన పీట మీద. నేను చూడగానే తల దించుకుని పనిలో పడ్డాడు.

మొత్తం పదిహేను. పెద్దవాడికి చెప్పాను. బాగుంది నాన్నా అన్నాడు.

అద్దం తీసేద్దామని స్టూలు ఎక్కాను. ఒక మేకు వదులు చేశాను కూడా. మళ్ళీ బిగించి దిగాను. తీసేస్తే, నాకు తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది.